నోట పలకని కంపెనీ పేరు

పెరంబూరులో పెళ్లి ముహూర్తాలు మొదలయ్యాయంటే కన్నియమ్మ ఇంట్లో కాలు పెట్టే చోటుండదు. ఒక గంపలో మల్లెమొగ్గలు, తడిగుడ్డలో కనకాంబరాలు, మధ్యలో ఆమె. అట్టమీద మొగ్గలు పేర్చి, సూదితో కుట్టి పూలజడ తయారుచేసిందంటే పెళ్లికూతురికంటే ముందు ఆ పిల్ల తల్లి మురిసిపోవాల్సిందే. భర్త గోవిందసామి రైలుపెట్టెల ఫ్యాక్టరీలో రిటైరయ్యాడు. ఇప్పుడు ఆ జడల్ని జాగ్రత్తగా సర్ది మండపాలకు చేరవేస్తున్నాడు. ఉద్యోగం చేసుకునే కూతురు భార్గవి సెలవు రోజుల్లో ఆర్డర్లు చూస్తుంది.

ఇలా ఉండగా బాలమురుగన్ అనే పెళ్లిళ్ల కాంట్రాక్టరు కబురు పంపాడు. తన చేతిలో ఉన్న మండపాలన్నిటికీ జడలు వీళ్ల దగ్గరే తీసుకుంటాడట. అయితే రిజిస్టరైన కంపెనీ ఉండాలి, వెబ్‌సైటు ఉండాలి. తనతోపాటు వీధిలో ఆడవాళ్లు కొందరికి ఏడాది పొడుగునా పని చూపించాలన్నది కన్నియమ్మకు ఎన్నాళ్లనుంచో ఉన్న ఆశ. ఈ ఒక్క ఆర్డరు నిలబడితే చాలు.

భార్గవి కంప్యూటర్ ముందు కూర్చుని విడమర్చి చెప్పింది. ప్రభుత్వానికి రాసిచ్చే పేరొకటి, జనం పిలుచుకునే పేరొకటి, నెట్‌లో అడ్రసొకటి. మనిషికి రేషన్ కార్డులో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు, పైన డోర్ నంబరు ఉన్నట్టేనంది. మూడూ ఒకటే అయితే తంటా ఉండదంది. తంటా అక్కడే మొదలైంది. ఏ దేవుడి పేరు కొట్టి చూసినా ఎవరో ముందే పట్టుకుపోయారు. పూల పేర్లదీ అదే గతి.

చివరికి కన్నియమ్మ తల వంచుకుని, ఆయన పేరు పెట్టమంది. ఏ ఆయన అని అడిగింది భార్గవి, తెలిసే.

"ఏడుకొండలమీద ఉండాడే, ఆయన పేరు" అంది కన్నియమ్మ.

మొగుడి పేరు నోట పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని వాళ్లమ్మమ్మ నూరిపోసిన మాట. పెళ్లయిన నాటినుంచీ ఆస్పత్రిలో అడిగినా, బ్యాంకులో అడిగినా, ఆ పేరు పక్కవాళ్లే చెప్పాలి. ఇదేం చోద్యమని మీరు నవ్వుతారేమో, నవ్వండి. ఆమెకు మాత్రం అది నవ్వులాట కాదు.

'గోవిందసామి పూలజడలు' అన్న పేరు ఎవరూ తీసుకోలేదు. వెబ్ అడ్రసూ దొరికింది. అనుమతీ వచ్చింది. గోవిందసామి గుమ్మానికి బోర్డు తగిలించి, పనిలేనప్పుడల్లా దాన్ని తుడుస్తూ కూర్చున్నాడు. ఆ సంబరంలో అసలు సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు, ఏం చెప్పను.

కాంట్రాక్టరు ఆఫీసునుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. వివరాలు సరిచూసుకోవాలట, మీ కంపెనీ పేరు చెప్పండి అంది. ఇంట్లో కన్నియమ్మ ఒక్కతే ఉంది. మా ఇంటాయన పేరేనంది. ఆయన పేరేంటని అడిగితే బోర్డుమీద రాసుందంది. తన కంపెనీ పేరు తనకే తెలియని ఓనరమ్మేంటని ఆ పిల్లకు అనుమానం వచ్చింది. ఇలా దొంగ కంపెనీలు చాలా వస్తున్నాయంటూ ఫోన్ పెట్టేసింది.

కన్నియమ్మ ఆ రోజు అన్నం తినలేదు. పేరు పలకలేదు, మార్చమని అడగలేదు. ఆ బోర్డు తుడిచే మనిషి మొహం చూసి ఎలా అడుగుతుంది పాపం. భార్గవి మాత్రం తండ్రికి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన బోర్డు తుడిచే గుడ్డ పక్కన పెట్టాడు.

"కాగితాల్లో నా పేరు ఉంటే ఉండనీ. జడలు కుట్టేది మీయమ్మ గదా. జనాలు పిలిచేదానికి, నెట్లోకీ మీయమ్మ పేరే పెట్టుమ్మా" అన్నాడు.

బోర్డు మారింది, అడ్రసు మారింది. భార్గవి ఆ ఆఫీసుకు ఫోన్ చేసి, జరిగింది చెప్పి, ఇంకొక్కసారి ఫోన్ చేయమని బతిమాలింది. చేశారు. అప్పుడు కన్నియమ్మ వంటింట్లో మొగ్గలు తడుపుతోంది, చేతులు ఖాళీ లేవు. గోవిందసామి ఫోన్ తీశాడు. కంపెనీ పేరేంటని అడిగిందా అమ్మాయి.

గోవిందసామి గొంతు సవరించుకున్నాడు. ఆయనా తక్కువవాడు కాదు. పెళ్లినాటినుంచీ భార్యను "ఇదో" అన్నాడు, "ఏమ్మే" అన్నాడు, కూతురు పుట్టాక "భార్గవి అమ్మా" అన్నాడు. పేరు పెట్టి పిలిచింది లేదు.

"కన్నియమ్మ..." అన్నాడు మెల్లగా.

"ఆఁ, వస్తా ఉండా" అంది లోపలినుంచి కన్నియమ్మ. అని, అక్కడే ఆగిపోయింది.

వినబడలేదంది ఫోన్‌లో అమ్మాయి. ఈసారి వీధి చివరిదాకా వినబడేలా "కన్నియమ్మ పూలజడలు" అన్నాడు. సరే సార్, లిస్టులో చేర్చామంది అమ్మాయి.

కన్నియమ్మ తడిచేతులతో గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది. ఆమె మొహం కందిపోయి ఉంది.

"ఏమని చెప్పినావయ్యా?" అంది, ఏమీ విననట్టు.

గోవిందసామి మళ్లీ చెప్పాడు.