శుక్రవారం నాడు కట్టిన వృత్తి పన్ను

మిర్యాలగూడలో మా ఇంట్లో శుక్రవారం నాడు డబ్బు గడప దాటదు. మంగళవారం కూడా అంతే. పాల డబ్బులైనా, కరెంటు బిల్లైనా ముందురోజో మర్నాడో కడతాం. మా అత్తగారికి ఆవిడ అత్తగారు అప్పగించిన పద్ధతి అది. దాన్ని పాటించబట్టే లక్ష్మీదేవి మా రైసుమిల్లును ఇన్నేళ్లు చల్లగా చూసిందని ఇంటిల్లిపాదికీ నమ్మకం. నాకూ నమ్మకమే.

నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు ఉబ్బసం. సూర్యాపేటలో మా నాన్న కిరాణాకొట్టు వెనక గదిలో నన్ను కూర్చోబెట్టుకుని, బేరాల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా చదువు చెప్పారు. ఎండిన బెల్లం ఎంత తరిగిందో చూపించి శాతాలు నేర్పారు. ఆ చదువుతో ఒక పని దొరుకుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. దొరికింది. అందుకు రోజూ దీపం దగ్గర దండం పెట్టుకుంటాను.

మా మిల్లులో బాయిలర్ ఆపరేటర్, గుమాస్తాలు, లారీ డ్రైవర్లు నెల జీతం మీద పనిచేస్తారు. జీతం ఒక హద్దు దాటినవాళ్ల మీద రాష్ట్ర ప్రభుత్వం వృత్తి పన్ను వేస్తుంది. దాన్ని యజమానే వాళ్ల జీతంలో కోసి, మరుసటి నెల పదో తారీఖులోగా ఆన్‌లైన్‌లో కట్టి, రిటర్ను వేయాలి. ఈ పని ఏళ్లుగా కోదాడలో ఉండే అకౌంటెంటుగారు చేసేవారు. ఒకరోజు ధైర్యం చేసి, నేను చేస్తానని మా ఆయన్ని అడిగాను.

ఆయన నవ్వి, "చెయ్యి. కానీ ఒక్కసారి తారీఖు తప్పినా మళ్ల సారుకే ఇస్త, సూడు," అన్నారు.

మొదటి నెల సాఫీగా సాగింది. రెండో నెల పదో తారీఖు శుక్రవారం వచ్చిపడింది.

ముందే కట్టి ఉండవచ్చు కదా అంటారేమో. మిల్లులో జీతాలిచ్చేది ఏడో తారీఖున. ఆ ఏడు మంగళవారమైంది కాబట్టి బుధవారం సాయంత్రం ఇచ్చాం. గురువారమంతా సైటు తెరుచుకోలేదు. తెర మీద గుండ్రంగా తిరిగే చుక్కల్ని చూస్తూ కూర్చుంటే పొయ్యి మీద పప్పు మాడింది.

శుక్రవారం పొద్దున పూజయ్యాక అకౌంటెంటుగారు ఫోన్ చేశారు. "ఏమ్మా, కట్టేశారా? ఇవాళే ఆఖరండీ. మీవల్ల కాకపోతే చెప్పండి, నేను చూసుకుంటాను."

మంచి మనిషి, మంచి మాటే. అయినా పని చేజారిపోతుందేమో అనిపించింది. పక్కనే పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అత్తగారు అంతా విన్నారు.

"శుక్రారం పూట దీపం ముట్టిచ్చి లక్ష్మిని సాగనంపుతవా? రేపు కట్టుపో."

"రేపైతే ఆలస్యమైందని వడ్డీ పడ్తది అత్తమ్మా. ఆయన ఇగ నాకు పనియ్యరు."

"పని కావాల్నా? గా మినపప్పు నానింది, రుబ్బు."

ఆవిడ మాట కాదని డబ్బు పంపితే పూజ మీద మనసు నిలవదు, పంపకపోతే పని పోతుంది. గ్రైండరు కడుగుతూ లోలోపల అమ్మవారినే అడుగుతున్నాను, దారి చూపించు తల్లీ అని.

కాసేపటికి అత్తగారే పిలిచారు. ఊరుకునే మనిషి కాదావిడ.

"ఇంతకూ గా పన్ను ఎవలకేసిండ్రు? మనకా?"

"మనకు కాదత్తమ్మా. బాయిలర్ కాడ చేసేటాయనకు, డ్రైవర్లకు, గుమాస్తాలకు. వాళ్ల జీతంల మనం కోసినం."

"కోసి?"

"కోసి మన ఖాతాల పెట్టినం. కట్టేదాక మనకాడనే ఉంటది."

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "మొన్న జీతాలిచ్చినకాడి నుంచి మనకాడనే ఉన్నదా?"

"ఉన్నది."

"అంటే మంది పైసలు ఇంట్ల పెట్టుకొని పొద్దుగాల లక్ష్మికి దీపం పెట్టినమా? ఇగ సూస్తవేందే, జల్ది కట్టు!"

చేతులు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఈసారి సైటు వెంటనే తెరుచుకుంది. ఓటీపీ మాత్రం మా ఆయన ఫోనుకు వెళ్లింది. ఆయనేమో వడ్ల బేరానికి నేరేడుచర్ల పోయి ఉన్నారు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి అడిగాను.

"ఇయ్యాల శుక్రారం గదా? అమ్మకు తెలుసా?" అన్నారాయన గుసగుసగా.

"అమ్మనేరా కట్టుమన్నది!" అని అత్తగారు పక్కనుంచి కేకేశారు. "మంది సొమ్ముకు శుక్రారమేంది? నంబర్ చెప్పు ముందు!"

తల్లీకొడుకుల వాదన ముగిసేసరికి ఓటీపీ గడువు తీరిపోయింది. మళ్లీ తెప్పించాం. ఈసారి అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. డబ్బు వెళ్లింది, రసీదు వచ్చింది, రిటర్ను కూడా వేసేశాను.

"పోయిందా?"

"పోయిందత్తమ్మా."

"మన మిల్లు పన్ను గూడ పోయిందా ఏంది?"

"అది వేరే. ఏడాదికొకసారి కట్టాలె."

"అది మాత్రం శుక్రారం కట్టకు," అన్నారావిడ తిరిగి చిక్కుడుకాయలు అందుకుంటూ.

కోసిన పన్ను యజమాని సొమ్ము కాదని నేనూ చదివాను. కానీ అది కట్టే తారీఖును గుర్తుపెట్టుకున్నానే తప్ప, ఎవరి చెమటో మా ఇంట్లో ఉందని ఏనాడూ ఉలిక్కిపడలేదు. ఆ మాట ఆవిడ నోట వినిపించినందుకు సాయంత్రం దీపం పెట్టినప్పుడు మరోసారి దండం పెట్టుకున్నాను.

మా ఆయన వచ్చి కాళ్లు కడుక్కోకముందే రసీదు చూపించాను. ఆయన చూసి, కోదాడకు ఫోన్ కలిపి, "సారూ, వృత్తి పన్ను ఇగ మా ఇంటామెనే సూసుకుంటది," అన్నారు. అటునుంచి అకౌంటెంటుగారు, "సంతోషమండీ! నాకూ పదో తారీఖున కాస్త ఊపిరాడుద్ది," అని నవ్వారు.

అంతటితో అయిపోయిందనుకున్నాం. భోజనం దగ్గర అత్తగారు కొడుకు కంచంలో కూర వేస్తూ అన్నారు: "జీతాలు గూడ మంది సొమ్మే గదరా. ఏడు మంగళారమొస్తే బుధారం దాక ఎందుకాపుతున్నవ్? సోమారమే ఇచ్చెయ్యరాదు?"

ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని నావైపు చూశారు. "ఇది నువ్వే నేర్పినవా?"

"నేనేం అనలేదండీ," అన్నాను, నవ్వాపుకుంటూ.