పడవకు దిష్టి తీశారు

రేపు పొద్దున విరుదునగర్‌లో నమూనాల పోటీ. దానికోసం ఐదు నెలలుగా ప్లాస్టిక్ షీటు కోసి, అతికించి చేపల పడవ ఒకటి చేశాను. చుట్టూ వెంట్రుకంత సన్నటి కమ్మీలు కూడా పెట్టాను. ఈ సాయంత్రం అది పూర్తయిందని స్నానానికి వెళ్లాను. వచ్చేలోపు మా అమ్మ కర్పూరం వెలిగించి పడవకు దిష్టి తీసింది. కమ్మీలన్నీ వేడికి వడలిన తోటకూర కాడల్లా వాలిపోయాయి.

"అమ్మా, ఏం జేస్తివి?"

"ఎంత కన్ను పడిందో చూస్తివా రా! నేను దిష్టి సుత్తబట్టి కమ్మీలతో పోయె. లేకుంటే పడవే పోయుండును."

తల పట్టుకుని కూలబడ్డాను. ఉపాయం తెలిసినవాళ్లు చెప్పండి. పడవ బాగుందని మాత్రం అనకండి, ఇంట్లో ఇంకా కర్పూరం ఉంది.