పరిగెపై పదకొండు నిబంధనలు

2024 నవంబరు 17, ఆదివారం, ఉదయం 6 గంటల 40 నిమిషాలకు తాడేపల్లిగూడెం స్టేషనులో ఏలూరుకు టిక్కెట్టు తీసుకోవడంతో ఈ ప్రయాణం మొదలైంది. సంచిలో ల్యాప్‌టాప్, చార్జరు, నీళ్ల సీసా, ఒక అట్టముక్క ఉన్నాయి. ఎప్పుడో అందిన ఎండుచేపల పార్శిలు నుంచి చించి దాచుకున్న ఆ అట్టముక్క మీద కొల్లేటి లంక గ్రామం ఒకదాని పేరు, పంపినవారి పేరు రామచంద్రం అని ఉన్నాయి. రామచంద్రం గారితో నాలుగేళ్లుగా దాదాపు ప్రతిరోజూ మాట్లాడుతున్నాను. ఒక్కసారి కూడా చూడలేదు. ఆ సాయంత్రం ఆరున్నరలోగా ఆయనను పట్టుకోలేకపోతే ముప్పై రెండు మంది నాలుగేళ్లు చేసిన పని పోతుంది.

ఆ పని ఏమిటో ముందే చెప్పాలి. నేను గూడెంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతాను. మా నాన్న ఉల్లిపాయల మార్కెట్టులో బస్తాలు మోసేవాడు. మా ఇంట్లో డిగ్రీ పట్టా చేతికి తీసుకున్న మొదటివాణ్ణి నేనే. సాయంత్రాలు ఇంటర్నెట్టులో ఒక అంతరిక్షపు ఆట ఆడతాను. ఆ ఆటలో వేల నక్షత్ర మండలాలు ఉన్నాయి. మధ్యలోని మండలాలకు ఆట నడిపేవారి కాపలా ఉంటుంది. అక్కడ ఎవరినైనా దోచుకుంటే శిక్ష పడుతుంది. అంచుల్లోని మండలాలకు కాపలా లేదు, చట్టమూ లేదు. నిలబెట్టుకోగలిగినంత కాలమే అక్కడి జాగా మనది. అలాంటి మండలం ఒకదానిలో మేము కోట కట్టుకున్నాం. శుక్రవారం ఉదయం శత్రు కూటమి వచ్చి దాని కవచం పగలగొట్టింది. ఆట పద్ధతి ప్రకారం తరువాతి దెబ్బకు గడువు ఇస్తారు. మా గడువు ఆదివారం సాయంత్రం ఆరున్నర. కోట తుపాకులు పేల్చే అధికారం, తలుపులు బయటివారికి తెరిచే అధికారం మా నాయకుడు రామచంద్రం గారికి ఒక్కరికే ఉన్నాయి. ఆయన పదకొండు రోజులుగా ఆటలోకి రాలేదు. ఫోను పలకడం లేదు.

6.55 పాసింజరు ఏడుంపావుకు వచ్చింది. కార్తీక ఆదివారం కనుక పెట్టె నిండా వనభోజనాలకు వెళ్లేవారే. గిన్నెలు, చాపలు, ఉసిరి కొమ్మలు. ఉంగుటూరు దాటాక చోటు దొరికింది. ఎదుటి సీటులో కూర్చున్న ఒక పెద్దావిడ నన్ను పరిశీలనగా చూసి అడిగింది.

"ఏలూరులో ఎవరున్నారండీ?"

"తెలిసినవారండి. కొల్లేటి లోపల ఉంటారు."

"ఏమవుతారు?"

ఏమీ కారని చెప్పాను. ముఖం కూడా ఇంతవరకు చూడలేదని చెప్పాను.

"పెళ్లిచూపులైతే ఒక్కడివే బయల్దేరావేం నాయనా, పెద్దవాళ్లు లేరా?" అన్నది. పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. అప్పటికి రెండు రాత్రులుగా నిద్ర లేదు. నవ్వుదామనుకున్నాను, ముఖం కదలలేదు. భీమడోలులో వాళ్లందరూ దిగిపోయారు. దిగుతూ ఆవిడ నా చేతిలో రెండు ఉసిరికాయలు పెట్టింది.

ఎనిమిదిన్నరకు ఏలూరు. స్టేషను ఎదుట హోటలులో నాలుగు ఇడ్లీలు తిని ఆటోలో బస్టాండు చేరాను. కైకలూరు వైపు వెళ్లే బస్సు తొమ్మిదింబావుకు కదిలింది. చాటపర్రు దాటాక వరి పొలాలు తగ్గి, రెండు వైపులా చేపల చెరువులు వరసగా వస్తాయి. ఆకాశం మబ్బు పట్టి, నీళ్లకూ ఆకాశానికీ ఒకే రంగు వచ్చింది. కండక్టరమ్మకు అట్టముక్క చూపించాను.

"ఈ ఊళ్లో రామచంద్రం గార్లు ముగ్గురండి. చేపలాయనా, రొయ్యలాయనా, మేత కొట్టాయనా?"

"కంప్యూటరులో ఆట ఆడే ఆయనండి."

"ఆడే ఆయనా? ఆ సంగతి ఇంట్లోవాళ్లకే తెలియాలండి. ఊరికెలా తెలుస్తుంది?" అని, ఎందుకైనా మంచిదని నన్ను చేపలాయన ఇంటికి దగ్గర మలుపులో దింపింది. ఆమె ఊహ సరైనదే.

ఈ దారిలో వెళ్లదలచినవారికి ఒక మాట. మలుపు నుంచి ఊరికి రెండు కిలోమీటర్లు గట్టు మీద నడవాలి. వాన కాలమైతే బూట్లు పనికిరావు. నేను బూట్లతోనే నడిచాను.

పదిన్నరకు ఇల్లు దొరికింది. రామచంద్రం గారి భార్య సుబ్బలక్ష్మి గారు అరుగు మీద బెండకాయలు తరుగుతున్నారు. నేను రెండు మాటలు మాట్లాడేసరికి తలెత్తారు.

"గూడెం మాస్టారు కదండీ మీరు? మీ గొంతు వంటింట్లోకి వినపడుతుందండి. మెల్లగా మాట్లాడమనండి అని ఎన్నిసార్లు చెప్పానో ఆయనతో."

క్షమించమన్నాను. ఆమె మంచినీళ్లు ఇచ్చి సంగతి చెప్పారు. ముసురు పట్టడంతో చెరువులో ప్రాణవాయువు తగ్గి, చేప పైకి తేలి నోరు తెరుస్తోంది. ఆయన రాత్రింబగళ్లు గట్టు మీదే ఉండి నీళ్లు చిలికే యంత్రాలు తిప్పుతున్నారు. రెండో రోజునే ఫోను నీళ్లలో పడింది. "ఇవాళ ఇంక ఆగలేక పట్టేస్తున్నారండి. ఇంకా నెలన్నర ఎదగాల్సిన చేప. కార్తీకమాసంలో కొనేవాడేడీ? అయినా పట్టేస్తున్నారు."

చెరువు దగ్గరకు చేరేసరికి పదకొండు దాటింది. ఇరవై మంది మొలలోతు నీళ్లలో వల లాగుతున్నారు. గట్టు మీద ఐసు లారీ, ప్లాస్టిక్ ట్రేలు, వాటిలో శీలావతులు, బొచ్చెలు. తలకు తువ్వాలు చుట్టుకుని, కళ్లు ఎర్రబడిన యాభై ఏళ్ల మనిషి ఒకరు లారీ పక్కన నిలబడి ఉన్నారు. నమస్కారం పెట్టి, కోట సంగతి నాలుగు వాక్యాల్లో చెప్పాను. ఆయన ముఖంలో ఆశ్చర్యం కనపడలేదు.

"లారీ కదలనివ్వండి మాస్టారూ. ఐసు కరిగిపోతోంది. కూర్చోండి."

రెండు గంటలు కూర్చున్నాను. ల్యాప్‌టాప్ సంచి ఒడిలో పెట్టుకుని గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. మనసులో ఆయన మీద కోపం వచ్చింది. ఆయన నిలబడ్డ తీరు చూశాక ఆ కోపం నిలవలేదు.

ఒంటిగంటన్నరకు లారీ వెళ్లిపోయింది. అప్పుడు ఆయన తువ్వాలు తీసి గాలిలో ఊపారు. అవతలి గట్టు మీద అంతవరకు కూర్చుని ఉన్న పాతిక ముప్పై మంది, ఎక్కువగా ఆడవాళ్లు, చేపలు మూసిపట్టే వెదురు ఊత బుట్టలు పట్టుకుని చెరువులోకి దిగారు. వల వదిలేసిన జెల్లలు, బురదలో చిక్కిన చిన్న చేపలు ఏరుకోవడం మొదలుపెట్టారు. రామచంద్రం గారు చెరువుకు వీపు పెట్టి కూర్చున్నారు.

"మీరు చూడరా అండీ?"

"చూస్తే సిగ్గుపడతారండి. పరిగె వేళ చెరువుగలవాడు అటు తిరగకూడదు. మీరూ ఇటు తిరగండి."

తిరిగాను. కాసేపటికి వెనకనుంచి ఒక ముసలామె కేక వేసింది. "ఏవండీ రామచంద్రం గారూ, తూము పక్కన గట్టు ఊటెత్తుతోందండీ. రేపటికి గండి పడుద్ది, చూసుకోండి."

"చూస్తానమ్మా" అని, నా వైపు చూశారు. "ఇంతకీ మన పరిగెవాళ్లేమయ్యారండీ మాస్టారూ? నలభై ఓడలు మన మండలం దాకా వస్తుంటే ఒక్కళ్లూ చెప్పలేదా?"

ఆ ప్రశ్నకే ఉదయం నుంచి భయపడుతున్నాను. మా మండలంలో ఆయన పెట్టిన ఆచారం ఒకటి ఉండేది. మా పెద్ద ఓడలు ఖనిజం తవ్వుకున్నాక ఒక గంటసేపు, చుట్టుపక్కల మండలాల చిన్న ఆటగాళ్లు వచ్చి మిగిలిన ముక్కలు ఏరుకోవచ్చు. వేరువేరు దేశాలవాళ్లు, అరవై మంది దాకా ఉండేవారు. వారికి ఆ మాట అర్థం తెలియదు. అయినా దానిని పరిగె అనే పిలిచేవారు. ఆయన రాని మొదటి వారంలోనే, ఉపనాయకుడి హోదాలో, నేను దానిని రద్దు చేశాను. పదకొండు నిబంధనలు, ఉపోద్ఘాతంతో సహా, శుద్ధమైన ఇంగ్లీషులో రాసి సరిహద్దులో ప్రకటించాను. దాటిన రెండు ఓడలను మా ఓడలతో పేల్పించాను.

అంతా చెప్పాను. మా నాయనమ్మ పెదపాడు పొలాల్లో వరి పరిగె ఏరి మా నాన్నను పెంచింది. నిబంధనలు రాసేటప్పుడు ఆ సంగతి గుర్తుకు రాలేదని చెప్పలేను. గుర్తుకు వచ్చింది, అందుకే మరింత గట్టిగా రాశాను. ఆ మాట కూడా ఆయనతో చెప్పాను.

ఆయన కాళ్లకు ఎండిన బురద గోక్కున్నారు.

"పదకొండే రాశారా?" అన్నారు. "మీ చదువుకి ఇరవై రాసుంటారనుకున్నాను."

భోజనానికి ఇంటికి వెళ్లాం. కార్తీక ఆదివారం కాబట్టి టన్నుల కొద్దీ చేప పట్టిన ఇంట్లో పప్పు, బెండకాయ వేపుడు, మజ్జిగ. మూడున్నరకు మళ్లీ గట్టు మీదికి వచ్చాం. సిగ్నలు పంపు షెడ్డు దగ్గర మాత్రమే ఉంటుంది. మేత బస్తాల మీద ల్యాప్‌టాప్ పెట్టి, ఆయన తన పేరుతో ఆటలోకి వెళ్లారు. కోట చుట్టూ శత్రువుల కాపలా ఓడలు, లోపల మావాళ్లు ముప్పై మంది. నాయకుడు వచ్చాడని తెలియగానే అందరూ ఒక్కసారే రాయడం మొదలుపెట్టారు. ఆయన ఎవరికీ జవాబు రాయలేదు.

"ముందు మీరు వాళ్లకి రాయండి మాస్టారూ. నేను రాస్తే లాభం లేదు."

పరిగెవాళ్లలో పెద్దగా చలామణీ అయ్యే ఆటగాడికి రాశాను. నిబంధనలు నావని, తప్పని, వాటిని ఎత్తివేశామని, సాయంత్రం ఆరున్నరకు మా పక్షాన నిలబడితే రుణపడి ఉంటామని రాశాను. పావుగంటకు జవాబు వచ్చింది. "మీ ఏడో నిబంధన ప్రకారం ఆయుధం ఉన్న ఏ పరాయి ఓడా మీ సరిహద్దులో కనబడరాదు. మేము నిబంధనలు పాటించేవాళ్లం."

రామచంద్రం గారికి చదివి వినిపించాను. ఆయన నవ్వారు. ఆ రోజు ఆయన నవ్వడం అదొక్కసారే చూశాను. నాకు మాత్రం నేల చూపులే మిగిలాయి.

"తుపాకులు మీకు అప్పగిస్తాను. పేల్చుకుంటే పేల్చుకోండి. ముప్పై మందిమి నలభై ఓడల్ని ఆపలేం, అది మీకూ తెలుసు. కోట పడితే కొట్లో సరుకంతా వాళ్లు ఎత్తుకుపోతారు."

"మరేం చేద్దామండీ?"

"నీళ్లు చెడ్డాక చేపని చెరువులో దాచుకోలేమండి. పట్టేయడమే. ఎదగలేదని ఏడుస్తూ కూర్చుంటే పొద్దున్నకి తేలిపోద్ది."

అని తలుపులు తెరిచారు. మావాళ్లు చిన్న ఓడల్లో పట్టినంత సొంత సామాను తీసుకుని సందు చూసి వెళ్లిపోవాలని, ఉమ్మడి కొట్టులోని సరుకు ఆరున్నరలోగా పరిగెకు వచ్చిన ప్రతివారిదీ అని అందరికీ ప్రకటించారు. మావాళ్లలో కొందరు ఆయన్ను నానా మాటలూ అన్నారు. పిచ్చివాడన్నారు, అమ్ముడుపోయాడన్నారు. ఆయన చదివి, ఒక్కొక్కరికీ "నిజమేనండీ" అని రాశారు.

పరిగె పెద్ద నుంచి రెండో జవాబు వచ్చింది. "యుద్ధానికి రాము. పరిగెకు వస్తాం." కాపలా సందుల్లోంచి చిన్న ఓడలు ఒక్కొక్కటే లోపలికి దూరడం మొదలైంది. కొట్టులో నేను ఏడాదిపాటు కట్టుకున్న పెద్ద ఓడ ఉంది. అది ఆ సందుల్లో పట్టదు.

"మీ ఓడో?" అన్నారాయన.

"ఉండనివ్వండి" అన్నాను.

అయిదుకు బస్సు ఉందన్నారు. ఆయన తూము పక్కన ఊటెత్తిన చోట మట్టి వేయించడానికి వెళుతూ, గట్టు చివరి వరకు నాతో నడిచారు. మళ్లీ ఆటలోకి వస్తారా అని అడిగాను. చెరువు ఎండగట్టాలి, నీళ్లు పెట్టాలి, చేపపిల్ల వెయ్యాలి, అప్పటికి చూద్దామన్నారు. మలుపు దగ్గర నిలబడగా బస్సు అయిదుంబావుకు వచ్చింది. మబ్బుకు అప్పుడే చీకటి పడింది. నీళ్ల మీద పిట్టలు ఎగిరిపోవడం వినపడింది గాని కనపడలేదు.

ఆరుంపావుకు ఏలూరు స్టేషను. ప్లాట్‌ఫారం చివరి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచాను. ఆరున్నరకు శత్రువులు వచ్చారు. కోటలో నేనూ మరో ఆరుగురూ మిగిలాం. తుపాకుల అధికారం నా దగ్గరే ఉంది, కాసేపు పేల్చాను. పక్కన టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన, వలల దారం కట్టలు ఒడిలో పెట్టుకుని, తెర వైపు వంగి చూశారు.

"సినిమా అండీ?"

"కాదండి. మాది ఒకటి పోతోంది."

 ఆయన తన టీ గ్లాసు కొంచెం జరిపి, ల్యాప్‌టాప్ వైరు ప్లగ్గుకు అందేలా చోటిచ్చారు. 6.52కి కోట పేలింది. కొట్టులోంచి శత్రువులకు దొరికింది నా ఓడ శకలాలు, కొద్దిపాటి ఇనుము. 7.20 పాసింజరులో గూడెం చేరేవరకు సీటుకు తల ఆనించి కూర్చున్నాను గాని నిద్ర రాలేదు. కాపలా లేని చోట కోటకన్నా, దాని చుట్టూ దారుల్లో తిరిగే మనుషులే ఎక్కువ కాపలా. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు ఒక పగలంతా పట్టింది.

ఆ తరువాత మారినవి ఇవి. ముప్పై రెండు మందిలో పందొమ్మిది మంది మిగిలాం. రామచంద్రం గారు మళ్లీ రాలేదు. ఆయన చెరువులో కొత్త పిల్ల వేశారు. మాకు ఇప్పుడు సొంత మండలం లేదు. పరిగెవాళ్లు మా సరుకుతో పక్క మండలంలో చిన్న కోట కట్టుకున్నారు. వాళ్లు తవ్వుకున్నాక గంటసేపు మేము వెళ్లి మిగిలినది ఏరుకుంటాం. దారిలో పరాయి ఓడ ఏది కనపడినా వాళ్లకు చెబుతాను.