ఆయనకు చెప్పొద్దనుకున్నం

మా ఆయన కాలం జేసి రెండేండ్లాయె. నేను చెప్పేది అంతకు ముందు, ఆయన కాలు తీసేసిన నాటి ముచ్చట.

ఆయనకు షుగరు. నాచారంల మందుల కంపెనీల పన్జేసేటోడు. బూటు ఒరుసుకోని బొటనవేలికి పుండు లేసింది, మానలె. వేలు నల్లవడ్డది, తర్వాత పాదమే నల్లవడ్డది. ఉప్పల్ల దవాఖానాల చేర్పించినం. మోకాలు కిందికి తియ్యాలె, లేకుంటే పానానికే మోసం అన్నరు.

నాకూ మా మరిదికీ ఒకటే బుద్ధి పుట్టింది. పుండు సాపు జేస్తరని చెప్పి ఆయన్ను లోపలికి తోలుదాం, తర్వాత సూస్కుందాం అని. మా దిక్కు గంతే, పెద్ద రోగమొస్తే అది వచ్చినోనికి తప్ప అందరికీ తెలుస్తది. మరిది ఆపరేషన్ ఒప్పుకోలు కాయితం మీద దస్కతు వెట్టిండు, నేను ఏలిముద్ర ఏసిన.

డాక్టరమ్మ నా బిడ్డంత ఉంటది. కాయితం సూసి, ఆయనకు చెప్పిన్రా అని అడిగింది. చెప్తే గుండె ఆగుతది, నువ్వు సుత చెప్పకు బిడ్డా అని ఆమె చేతులు వట్టుకున్న. ఇడిపించుకోలె.

"అమ్మా, ఆయన తెలివిలోనే ఉన్నారు. కాలు ఆయనది. ఆయన ఒప్పుకోకుండా నేను తియ్యను."

నాకు మస్తు కోపమొచ్చింది. ఆమె పొయ్యి స్టూలు గుంజుకోని మంచం పక్కన కూసున్నది. కాలు సంగతి మీకేం తెలుసని ముందుగాల ఆయన్నే అడిగింది.

ఆయన నా దిక్కు సూసిండు. "పొయ్యేతట్టే ఉన్నది గదా బిడ్డా. వాసన నాకు రాదా? ఈమె భయపడతదని అడుగుతలేను."

నాలుగు దినాల సంది ఇద్దరం ఒకలకొకలం దాసుకున్నమన్నట్టు.

తీస్తే ఏమైతది, తియ్యకుంటే ఏమైతది, ఆమె అన్నీ చెప్పింది. తనకు తెల్వనిది తెల్వదని సుత చెప్పింది. ఆలోచించుకుంటా అన్నడు ఆయన. పొద్దుగాల్దాక ఆగొచ్చు, అంతకు మించితే మోకాలు సుత దక్కదు అన్నది. మరిది గునుక్కుంట బయటికి పోయిండు.

పొద్దుగూకినంక ఆయన కాలు కడుక్కునేటందుకు నీళ్లు అడిగిండు. నర్సమ్మ పాదం కట్టు తడవకుండ కవరు తొడిగింది. పిక్క, మోకాలు తనే మెల్లగ కడుక్కున్నడు. నేను వంగబోతే ఆగమన్నడు.

"మోకాలు మంచిగనే ఉన్నదే. దీన్నన్న కాపాడుకుందాం."

తెల్లారి మా కాయితం పక్కకు వెట్టి, కొత్త కాయితం మీద ఆయనతోని దస్కతు తీసుకున్నరు.

మెలకువ వచ్చినంక దుప్పటి లేపి సూసుకున్నడు. నేను గోడ దిక్కు తిరిగిన. జరసేపటికి నన్ను పిలిచి, పొద్దుగాల సంది ఏమన్న తిన్నవా అని అడిగిండు.