కళ్లడిప్పలు

నేను కళ్లు తెరుచుకునే నిద్రపోతానన్న కబురు నాకు మొట్టమొదట తెచ్చింది డ్రాప్స్ అక్క. ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో ఏ సందు తిరిగినా కంప్యూటర్ కోర్సు బోర్డు ఒకటి కనిపించేది. ఊళ్లో సగం మంది నేర్చుకుంటుంటే మిగతా సగం నేర్పుతున్నట్టుండేది. బడి గడప తొక్కకుండా, ఇంట్లో తాతయ్య దగ్గర ఇంగ్లీషు గ్రామరూ దేవుడి శ్లోకాలూ ఒకే పూట నేర్చుకుని, పరీక్షలు ప్రైవేటుగా కట్టిన నాలాంటి దానికి కూడా ఒక కుర్చీ, ఒక మానిటరూ దొరికాయంటే అది కాలం చలవైనా కావాలి, భగవంతుడి దయైనా కావాలి. (దయేనని నా నమ్మకం.) అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పి పంపిన మాటలు హెడ్‌ఫోన్‌లో విని తప్పుల్లేకుండా టైపు చెయ్యడం మా పని. ఆ గదిలో ఏసీకి అందరి కళ్లూ ఎండిపోయేవి. అందరికీ చుక్కలు వేస్తూ తిరిగేది కాబట్టి మా సీనియర్‌కి డ్రాప్స్ అక్క అని పేరు. ఒక సాయంత్రం ఆఫీసు వ్యానులో ఇంటికి వస్తూ నా పక్కన కూర్చుని వాళ్ల ఆడపడుచు పెట్టే బాధలన్నీ చెప్పుకొచ్చిందట. నేను రెప్ప వెయ్యకుండా వింటున్నానని మురిసిపోయిందట. అంతలో నా దగ్గర్నుంచి గురక వినిపించింది.

"ఏందే పిల్లా! నువ్వు ఇంటున్నవనుకొని నా తక్లీఫంత చెప్పుకున్న. కండ్లు తెరుచుకొని పండుకున్నవా?" అని భుజం పట్టి కుదిపింది. నేను బిత్తరపోయాను. "అయ్యో, కళ్లు మండుతున్నాయక్కా" అన్నాను. "మండయా మరి? రాత్రంత గిట్లనే తెరిచి పెడితే సుక్క నీళ్లుంటయా అండ్ల? దవాఖానకు పోదాం పా, పరేషాన్ కాకు" అంది.

పరేషాన్ కాకుండా ఉండే స్థితిలో లేను. పొద్దున లేచేసరికి కళ్లలో ఇసక పోసి రెప్పలు అతికించినట్టుండేది. మధ్యాహ్నానికి మానిటర్ మీద అక్షరాలు నీళ్లలో పడ్డ చీమల్లా కొట్టుకునేవి. చెవి సరిగ్గానే వినేది, వేళ్లు ఏం కొట్టాయో కంటికి ఆనేది కాదు. మా పని దిద్దే పెద్దాయన్ని ఎర్రగీతల సార్ అనేవాళ్లం. ఆయన చాలా మర్యాదగా, "డాక్టర్ గారు ఒక మోకాలికే ఆపరేషన్ చేశారమ్మా. మీరు మూడింటికి చేయించారు" అనేవారు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, నవ్వుతూనే అదనపు మోకాళ్లు చెరిపేదాన్ని. అప్పటికి నేనింకా శిక్షణలోనే ఉన్నాను, దాని చివర ఒక పరీక్ష పెడతారు. అందులో నెగ్గితే ఉద్యోగం ఖాయం, లేదంటే విజయనగరం బండెక్కాలి. తాతయ్య పోయాక అమ్మ మా మేనమామ ఇంట్లో వంటింటి గుమ్మం దగ్గర సర్దుకుని బతుకుతోంది. ఉద్యోగం నిలబడితే మల్కాజ్‌గిరిలో ఒక గది తీసుకుని ఆవిడను తెచ్చుకోవాలని నా ఆశ. ఆ ఆశకూ నాకూ మధ్య ఈ మూతపడని రెప్పలు వచ్చి కూర్చున్నాయి.

డాక్టరమ్మ దీపం వేసి చూసి, "నిద్రలో మీ రెప్పలు పూర్తిగా కలవడం లేదు. ఉన్న తడంతా రాత్రే ఆరిపోతోంది. గాలి చొరబడకుండా కళ్ల చుట్టూ మూసే మాస్కు పెట్టుకుని పడుకోండి, లోపలి తడి లోపలే ఉంటుంది" అన్నారు. డ్రాప్స్ అక్క రెజిమెంటల్ బజార్‌లో తనకు తెలిసిన కళ్లజోళ్ల దుకాణంలో చెప్పి అలాంటిది ఎక్కడినుంచో తెప్పించింది. రెండు నల్లటి గుండ్రటి డిప్పలు, వాటి అంచుకి మెత్తటి స్పాంజి, తల వెనక్కి ఎలాస్టిక్ పట్టీ. పెట్టుకుని పడుకున్న మర్నాడే కళ్లు చల్లగా, కడిగిన ద్రాక్షపళ్లలా ఉన్నాయి. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. తొందరపడ్డానని ఆ క్షణంలో తెలియలేదు.

ఇక్కడ మా పిన్ని ఇంటి సంగతి చెప్పాలి. నేను ఉంటున్నది వాళ్లింట్లోనే. రైల్వేలో పనిచేసే బాబాయి, పిన్ని, డిగ్రీ తర్వాత జావా నేర్చుకుని ఇంటర్వ్యూలకి తిరుగుతున్న వాళ్లబ్బాయి, అంటే నాకు అన్నయ్య, బాబాయి వాళ్లమ్మ మామ్మ. అందరిదీ విజయనగరం వైపే. ఆ ఇంట్లో లేచీ లేవగానే ఎవరూ కళ్లు తెరవరు. గోడలు తడుముకుంటూ హాల్లోకి వచ్చి, వేంకటేశ్వరస్వామి పటం ముందు నిలబడి అప్పుడు తెరుస్తారు. రోజు ఎలా గడుస్తుందన్నది ఆ మొదటి చూపును బట్టే. ఆ పటం కిందే నా మంచం. ఇంట్లో ఇంకెక్కడా చోటు లేదు. స్వామిని జరపమని నేనెలా అంటాను?

ఆ మొదటి రోజు బాబాయి తడుముకుంటూ వచ్చి, చేతులు జోడించి, కళ్లు తెరిచే సరికి సరిగ్గా నేను లేచి కూర్చున్నాను. ఆయనకీ స్వామికీ మధ్య రెండు నల్ల డిప్పలు. "బాబోయ్!" అని ఆయన పెట్టిన కేకకి పిన్ని పరుగెత్తుకొచ్చి, "ఏవిటే అది! మనిషివేనా నువ్వు?" అంది. ఆ రోజు బాబాయికి లోకల్ ట్రైను కళ్లముందే కదిలిపోయింది. మర్నాడు ముందుగా పిన్ని చూసింది, పాలు విరిగిపోయాయి. ఆ పైన అన్నయ్య. "చెల్లీ, నీ మొహం చూసి వెళ్లాను. రెండో రౌండుకి పిలవలేదు" అన్నాడు దీనంగా. (అంతకుముందు కూడా వాణ్ణి ఏ రౌండుకీ పిలవలేదు. కానీ అప్పుడు కారణం దొరకలేదు.)

నేను చెయ్యని ఉపాయం లేదు. గోడవైపు తిరిగి పడుకుంటే నిద్రలో నేనే ఇటు తిరిగేదాన్ని. తలదాకా దుప్పటి కప్పుకుంటే పొద్దున్నే తోడుకి మజ్జిగ అడగడానికొచ్చిన పక్కింటావిడ నన్ను చూసి గుండె పట్టుకుని, "ఎప్పుడు పోయింది?" అంది. ఇలా కాదని మాస్కు మధ్యలో కాస్త శుభంగా ఉంటుందని ఒక ఎర్రటి బొట్టు బిళ్ల అంటించాను. ఆ పొద్దున పిన్ని భయపడలేదు. లెంపలు వేసుకుని దణ్ణం పెట్టింది, తర్వాత నేనని తెలిసి రోజంతా మాట్లాడలేదు. పైగా నా బాధ వేరే. మాస్కు లోపల కళ్లు తెరిస్తే నేను మొదట చూసేది చీకటి. అందుకని మెలకువ రాగానే కళ్లు గట్టిగా మూసుకుని, మాస్కు తీసి, స్వామివైపు తిరిగి తెరవాలి. నిద్రలో మూతపడని కళ్లని మెలకువలో మూసుకోమని బతిమాలుకోవడం నా ఒక్కదానికే రాసిపెట్టి ఉంది.

అలా ఉండగా అన్నయ్యకి పెద్ద కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. సోమవారం. నా పరీక్షా సోమవారమే. ఆదివారం మధ్యాహ్నం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ పిన్ని నా వైపు చూడకుండా, "ఈ ఒక్క రాత్రికీ అది మానీమ్మా. వాడి బతుకు కదా" అంది. తిట్టినా బాగుండేది. వాళ్ల అన్నం తింటున్నాను, నోరెత్తి నా పరీక్ష సంగతి చెప్పలేకపోయాను. అలాగే పిన్నీ అని పెరట్లోకి వెళ్లి కూర్చున్నాను. ఇక అయిపోయింది అనుకున్నాను. రేపు మళ్లీ ఇసక, మళ్లీ చీమలు, ఆ పైన రైలు, మేనమామ వంటింటి గుమ్మం దగ్గర అమ్మ పక్కన నేనూ. చాలాసేపు ఏడ్చాను. ఏడిస్తే కళ్లు తడిసి, అంత దుఃఖంలోనూ కాస్త హాయిగా అనిపించింది. (స్వామి దేన్నీ వృథా పోనివ్వడు.)

"ఏటే గుంటా, ఇక్కడ కూచున్నావు?" అంటూ మామ్మ వచ్చింది. ఉన్నదంతా చెప్పాను. నా చెయ్యి పట్టుకుని పిన్ని ముందుకి తీసుకెళ్లింది.

"ఏటే కోడలా, మొహం చూస్తే తగిలీది ముందు చూసినోళ్లకే కదా?"

"అవునత్తయ్యా."

"ఒక్కళ్లకే కదా? వీధంతటికీ పంచిపెట్టదు కదా?"

పిన్ని చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "ఒక్కళ్లకే అంటారు."

"అయితే ముందు నేను చూసీస్తాను. నా వాటా నేను తీసీసుకున్నాక మీకు మిగిలీదేటీ ఉండదు. నింపాదిగా లేచి స్వామిని చూసుకోండి."

"మీకేమైనా అయితేనో?"

"నాకేటవుద్దే? రైలు తప్పుద్దా, ఇంటర్వ్యూ పోద్దా? ఆ డిప్పలు పెట్టుకోవే నువ్వు" అంది.

సోమవారం పొద్దున మెలకువ వచ్చేసరికి పక్కన ఊపిరి వినిపించింది. "లేచేవా? తెరవనా?" అంది మామ్మ గొంతు. ఎప్పటినుంచి అలా కళ్లు మూసుకుని నా మంచం పక్కన స్టూలు మీద కూర్చుందో తెలియదు. "తెరువు మామ్మా" అన్నాను. స్టూలు కిర్రుమంది. "ఆఁ, అయిపోయింది. ఇంక తీసీ" అంది. తీశాను. కళ్లు చల్లగా ఉన్నాయి. స్వామివైపు తిరగడం మరిచిపోయాను. ఎదురుగా మామ్మ బోసినోటితో నవ్వుతోంది. పెళ్లయి కాపురానికొచ్చిన నాటినుంచీ పొద్దున స్వామి ముందు తప్ప మరెక్కడా కళ్లు తెరవని మనిషని పిన్ని నాకు తర్వాత చెప్పింది.

ఆ రోజు ఏ రోగికీ నేను మోకాళ్లు పెంచలేదు. ఎర్రగీతల సార్ కాగితాన్ని రెండువైపులా తిప్పి చూసి, "కళ్లు బాగయ్యాయా అమ్మా?" అన్నారు. అన్నయ్యకి మాత్రం ఉద్యోగం రాలేదు. స్వామిని చూసే వెళ్లాడు కాబట్టి ఇంటికొచ్చి ఎవరినీ అనడానికి లేక, షూస్ విప్పుతూ, "అడిగినవేవీ నాకు రాలేదమ్మా" అన్నాడు మెల్లగా. పిన్ని వాడికి అన్నం కలిపి పెట్టింది. ఆ తర్వాత వాడు కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. మామ్మకేమైనా అయిందా అంటే ఏమీ కాలేదు. సాయంత్రం గుమ్మంలో కూర్చుని, "రోజంతా చూసేను, ఒక్క చెడ్డా జరగలేదు. నీ మొహంలో ఏటీ సరుకు లేదే" అని నన్నే దెప్పింది.

అయినా మానలేదు. నేను గది తీసుకుని అమ్మను తెచ్చుకునేవరకూ ప్రతి పొద్దునా ఆ స్టూలు మీద ఆవిడే. నా కళ్లు ఇప్పటికీ బాగుపడలేదు, ఇక బాగుపడవని డాక్టర్లు తేల్చేశారు. ఇప్పుడు మెత్తటి సిలికాన్ మాస్కులు వచ్చాయి. అమ్మా లేదు, మామ్మా లేదు. పొద్దున మాస్కు తీసి, కళ్ల చుట్టూ రెండు ఎర్రటి చుట్లతో గుడ్లగూబలా ఉన్న నడివయసు మనిషిని అద్దంలో చూసుకుంటే నవ్వొస్తుంది. ఈ మొహాన్ని చూడటానికి ఒక మనిషి తెల్లవారకముందే లేచి కూర్చునేదంటే ఎవరు నమ్ముతారు? మీకు నాదొక్క మనవి. రేపు పొద్దున మీ ఇష్టదైవాన్నే ముందు చూసుకోండి. ఆ తర్వాత, తన దేవుణ్ణి వెనక్కి పెట్టి నా మొహం చూసిన మా మామ్మను ఒక్కసారి తలుచుకోండి.