మూడడుగుల ఊపు

“కూర్చుని చేసే పనికి ఒళ్ళునొప్పులేందే?” అని మా అమ్మ రోజూ అడిగేది. తను మిషనరీ బడిలో పంతులమ్మ. పొద్దస్తమానం నిలబడి పాఠాలు చెప్పి వచ్చేది కాబట్టి ఆ అడగడంలో కొంత ఎత్తిపొడుపు ఉండేది. కుడి మణికట్టుకు వేన్నీళ్ళ గుడ్డ చుట్టుకుని చాపమీద వాలిపోయేదాన్ని. ఇరవై రెండేళ్ళకే నా చెయ్యి ముసలిదైపోయింది.

నరసరావుపేటలో లెక్కలు ప్రధానంగా డిగ్రీ చదివి, అరవైల మొదట్లో మాచర్ల దగ్గర ఒక సున్నపురాయి క్వారీ ఆఫీసులో లెక్కల అసిస్టెంటుగా చేరాను. క్వారీ నుంచి బట్టీల దాకా స్తంభాల మీదుగా ఇనపతాడు, దానికి వేలాడుతూ రాయి మోసే బక్కెట్లు. ఇంజనీరుగారు అడిగిన లెక్కలన్నీ చేసిపెట్టడం నా ఉద్యోగం. నాతోపాటు గురజాల నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవాడు. నన్ను చెల్లెమ్మా అనేవాడు, నేను అన్నయ్యగారూ అనేదాన్ని. మా ఇద్దరి ముందూ చేత్తో తిప్పే లెక్కల మిషన్లు ఒక్కొక్కటి. గుణించాలన్నా భాగించాలన్నా పిడి పట్టుకుని తిప్పుతూ ఉండాల్సిందే. సాయంత్రానికి ఆ గరగర చెవుల్లోనే మిగిలిపోయేది.

ఆ ఏడాది ఎండాకాలంలో కరెంటు మాటిమాటికీ పోయేది. పోయినప్పుడల్లా తాడు ఠక్కున ఆగేది, బక్కెట్లు మాత్రం ముందుకూ వెనక్కూ ఊగేవి. మూడో స్తంభం మీద ఒక చిన్న ఇనప అరుగు ఉండేది. గిరకలకు గ్రీజు పెట్టే మనిషి దానిమీద నిలబడేవాడు. ఆయన మా వీధి ఆయనే. సాయిబుల ఇళ్ళలో చివరి ఇల్లు, నేను చిన్నప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. నాలుగేళ్ళుగా ఆ అరుగే ఆయన కొలువు. బక్కెట్టు ఆగే చోటు నుంచి అరుగు అంచుకు అయిదడుగుల దూరం. ఊగే బక్కెట్టు ఆ అంచును అందుకుంటుందా, లేదా? అందుకుంటే అక్కడ నిలబడ్డ మనిషి గతి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అది తేల్చమని ఇంజనీరుగారు మాకు ఒక ఫారం గీసి ఇచ్చారు.

లెక్క కష్టమైనదేమీ కాదు, విసుగు పుట్టించేది. తాడు కూడా సాగుతుంది కాబట్టి ఒక్క సూత్రంతో తేలేది కాదు. అందుకని ఒక సెకనును ఇరవై ముక్కలు చెయ్యాలి. ఒక ముక్కలో బక్కెట్టు ఎక్కడుందో చూసి, దాన్ని వెనక్కి లాగే బలం ఎంతో కట్టి, వేగం ఎంత మారిందో రాయాలి. ఆ కొత్త వేగాన్ని పట్టుకుని బక్కెట్టు ఎంత జరిగిందో రాయాలి. అప్పటికి ఒక వరస. మళ్ళీ కింది వరస. ఏడు సెకన్ల ఊపుకు నూట నలభై వరసలు. ఒక వరసలో తప్పు దొర్లితే ఆ కిందివన్నీ తప్పే.

వేగం గడి నాది, దూరం గడి అన్నయ్యగారిది. నేను నా అంకె కట్టి చీటీ మీద రాసి ఇస్తే ఆయన తన మిషను తిప్పేవాడు. ఆయన తిప్పుతున్నంతసేపూ నేను ఖాళీ. నేను తిప్పుతున్నంతసేపూ ఆయన ఖాళీ. పైన రేకులు, కింద మేము. వడగాలికి కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద రాళ్ళు పెట్టుకునేవాళ్ళం. ముప్పై వరసలయ్యేసరికి నాకు ప్రాణం విసిగింది.

“ఇట్టా ఒకరి మొహం ఒకరు చూస్తా కూర్చుంటే ఎప్పటికి అయ్యిద్ది అన్నయ్యగారూ? ఇద్దరం పై వరస చూసే కట్టుకుందాం. నేను పై దూరం తీసుకుంటా, మీరు పై వేగం తీసుకోండి. ఒకేసారి తిప్పొచ్చు” అన్నాను.

“సెకనులో ఇరవయ్యో వంతుకి ఏం తేడా వస్తది లే చెల్లెమ్మా” అన్నాడాయన. అంతకుముందు చేసిన ముప్పై వరసలు కూడా కొట్టేసి మొదటి నుంచి కొత్త పద్ధతిలో చేశాం. నా తెలివికి నేనే మురిసిపోయాను. వారం పట్టే పని మూడు రోజుల్లో అయిపోయింది.

అరుగువైపు మొదటిసారి బక్కెట్టు మూడుంపావు అడుగులు వచ్చింది. వెనక్కి పోయి రెండోసారి వచ్చినప్పుడు దాదాపు నాలుగున్నర. మూడోసారి ఆరు. ఇంజనీరుగారు ఆ మూడు అంకెల కిందా ఎర్ర పెన్సిలుతో గీత గీశారు. “తాడు సాగి సాగి బక్కెట్టును ఇంకా నెడుతోందన్న మాట” అన్నారు. వారం తిరక్కుండా అరుగు కోసేశారు. స్తంభం మీద మనిషిని పెట్టొద్దని ఆర్డరు వచ్చింది. బాబాయ్‌ని రాళ్ళు నలగ్గొట్టే క్రషరు దగ్గర వేశారు. ఒక మనిషి ప్రాణం కాపాడానని ఆ పూట ఇంట్లో గొప్పలు కూడా చెప్పుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం బాబాయ్ మా ఇంటి అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. కనుబొమల మీద తెల్లటి దుమ్ము. మాట మాటకూ దగ్గు.

“అమ్మాయ్, ఆ లెక్క నువ్వే కట్టావంట గదా. ఊగేకొద్దీ ఊపు పెరుగుద్దని రాశావంట?”

“అవును బాబాయ్. తాడు సాగుద్ది గదా, ఆ బలం బక్కెట్టుకి ఎక్కుద్ది.”

“ఏందమ్మాయ్ నువ్వు చెప్పేది! ఉయ్యాల ఊపేవాళ్ళు లేకుండా దానంతటది ఎక్కువ ఊగుద్దా ఎక్కడన్నా? నాలుగేళ్ళు దాని పక్కన నిలబడ్డా. ఆగినప్పుడల్లా ఎందాకా వచ్చిందో చూసి అడ్డకడ్డీ మీద గ్రీజు వేలితో గీత పెట్టా. అరుగు కోశారు గాని కడ్డీ అట్టానే ఉంది. ఎక్కి చూడు.”

“మిషను మీద కట్టిన లెక్క బాబాయ్ అది” అన్నాను, కాస్త కోపంగానే.

“మిషను ఊగుద్దా, బక్కెట్టు ఊగుద్దా?” అని ఆయన లేచిపోయాడు. వీధి మలుపు దాకా దగ్గు వినిపిస్తూనే ఉంది.

ఆయన ఉయ్యాల మాట నన్ను వదల్లేదు. మర్నాడు కాళ్ళు ఈడ్చుకుంటూ ఆఫీసుకు పోయి పాత ఫారం తీశాను. ఇంజనీరుగారి చేతిరాత దాని నెత్తినే ఉంది: ముందు వేగం, ఆ కొత్త వేగంతో దూరం. దాన్ని పక్కకు నెట్టింది నేనే. మధ్యాహ్నం అన్నం వేళల్లో ఒక్కదాన్నే కూర్చుని రెండు గడులూ నేనే కట్టాను, ఒకదాని తర్వాత ఒకటి, ఎవరి కోసం ఆగకుండా, ఎవరినీ తొందరపెట్టకుండా. తొమ్మిది రోజులు పట్టింది. మొదటి ఊపు మూడడుగులు. రెండోది మూడు. మూడోది కూడా మూడే, అంగుళం అటూ ఇటూ. తాడును అనడానికి ఏమీ లేదు. వరసకు చిటికెడు చొప్పున బక్కెట్టును నెట్టింది మేమే. పాత వేగంతో జరిపిన ప్రతిసారీ అది ఉండాల్సిన చోటుకు కొంచెం అవతల పడింది. నూట నలభై సార్లు అలా పడి ఆరడుగులైంది.

కాగితాలు పట్టుకుని ఇంజనీరుగారి గదిలోకి పోయాను. అన్నయ్యగారు కూడా నా వెనకే వచ్చి నిలబడ్డాడు, పాపం. ఇంజనీరుగారు రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు.

“నేను రాసిచ్చిన క్రమం మార్చమని ఎవరన్నారు?”

అన్నయ్యగారు తల వంచుకున్నాడు.

“నేనే సార్. ఎదురుచూడ్డం విసుగేసి” అన్నాను.

తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నారు. “ఊపు పెరుగుతుంటే అనుమానం రావాల్సింది నాకు కదమ్మా. తాడు మీద నెట్టేసి ఊరుకున్నాను” అన్నారు. ఆ పూటే అరుగు మళ్ళీ పెట్టమని రాశారు. కాగితం గుంటూరు పోయింది, అక్కణ్ణుంచి ఇంకెక్కడికో పోయింది. ఇనుము రావడానికి, వెల్డింగు మనిషి రావడానికి ఏడు నెలలు పట్టింది. కోసేటప్పుడు వారం కూడా పట్టలేదు. అన్నాళ్ళూ బాబాయ్ క్రషరు దగ్గరే ఉన్నాడు. దుమ్ములో.

జరిగింది ఆయనకు మా వాకిట్లోనే చెప్పాను. తప్పు నాదని చెప్పాను. “సర్లే, ఎక్కుతాగా మళ్ళీ” అని మాత్రం అన్నాడు.

కొత్త అరుగు బిగించిన వారానికి, ఒక ఆదివారం, తాడు ఆపి ఉన్న రోజున, నేను చర్చి నుంచి తిన్నగా మూడో స్తంభం దగ్గరికి పోయాను. బాబాయ్ గ్రీజు డబ్బా పట్టుకుని వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నిచ్చెనకు అరవై మెట్లు. ఒకప్పుడు ఆయన బీడీ తాగుతూ ఎక్కేవాడు. ఆ రోజు పది మెట్లకు ఆగాడు. ఇరవయ్యో మెట్టు దగ్గర ఆగడానికి చిన్న ఇనప పలక ఉంది, అక్కడ కూర్చుండిపోయాడు. ఊపిరి ఎగపోస్తోంది. నేను కిందనే నిలబడి చూస్తున్నాను. అయిదు నిమిషాలు చూశాను. ఆయన లేవలేదు.

“అమ్మాయ్, రా. డబ్బా నువ్వు తీసుకుపో” అన్నాడు చివరికి.

చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఎక్కాను. మణికట్టు లాగేసింది, కళ్ళు తిరిగాయి, అయినా పైదాకా పోయాను. తాడు వెంట పోయే అడ్డకడ్డీ మీద నల్లటి వేలి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, ఎన్నో. నాలుగేళ్ళ గీతలు. టేపు తీసి, బక్కెట్టు ఆగే చోటు నుంచి అన్నిటికంటే దూరంగా ఉన్న గీత దాకా కొలిచాను.

“ఎంతుందమ్మాయ్?” కింద నుంచి అరిచాడు.

“మూడడుగులకు అంగుళం తక్కువ, బాబాయ్.”

“ఆఁ” అన్నాడు. దగ్గు వచ్చింది ఆయనకు, చాలాసేపు ఆగలేదు. ఆగాక గిరక మూత ఎటు తిప్పాలో, లోపల ఎంత పెట్టాలో అక్కణ్ణుంచే చెప్పాడు. ఆ రోజు గిరకలకు గ్రీజు నేనే పెట్టాను.