శెట్టిగారి కాళ్లకు సిద్దమ్మ చెప్పులు

ఆత్మకూరు బజారులో రామలింగయ్య శెట్టి బట్టల కొట్టుకు ఎవరొచ్చినా చెప్పులు మెట్ల కింద విడిచి, పైన తెల్లటి పరుపు మీద కూర్చుని బేరమాడాలి. శెట్టిగారి చెప్పులూ అక్కడే ఉంటాయి.

రెండువేల ఏడులో ఆయన మెడ పక్కన గడ్డలు లేచాయి. లింఫ్ గ్రంథుల క్యాన్సర్ అన్నారు. కర్నూలు డాక్టరు మామూలు మందులతో పాటు, కొత్తగా వచ్చిన యాంటీబాడీ మందును కూడా సెలైన్‌లో ఎక్కించడం మొదలుపెట్టారు. గడ్డలు కరిగాయి. శెట్టిగారు పొద్దున్నే అద్దం ముందు మెడ తడుముకుని కొత్త పెళ్లికొడుకులా మురిసిపోయేవారు. అరికాళ్లు మాత్రం మొద్దుబారుతూ వచ్చాయి. చెబితే డాక్టరు మందు ఆపేస్తారేమో, గడ్డలు మళ్లీ లేస్తాయేమోనని భయం. భార్య రాజ్యలక్ష్మమ్మ దగ్గర కూడా నోరు విప్పలేదు.

ఒకరోజు బేరానికొచ్చిన సిద్దమ్మ పరుపు మీద చీరలు తిరగేస్తుంటే, శెట్టిగారు దిగి హోటలుకు వెళ్లి, కాఫీ తాగి దర్జాగా తిరిగొచ్చారు. మెట్ల దగ్గర సిద్దమ్మ నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది.

"నా చెప్పులు ఈడనే ఇడిసింటి గదప్పా! యాడ పోయినాయి?"

"నా కొట్టు ముందర చెప్పులు పోవడమా? ఆ దొంగ నా కొడుకు దొరకనీ సిద్దమ్మా, కాళ్లిరగ్గొడతా!"

సిద్దమ్మ ఆయన కాళ్లకేసి చూసింది. ఎర్రటి పట్టీలు, నడుమ ప్లాస్టిక్ పువ్వు, వెనక సగం మడమ నేల మీదే.

"అయితే కానీ శెట్టీ, నీ కాళ్లే ఇరగ్గొట్టుకో. పువ్వులు నీకు శానా బాగుండాయి!"

బజారంతా నవ్వింది. గల్లాపెట్టె దగ్గరున్న రాజ్యలక్ష్మమ్మ నవ్వలేదు.

"ఏమండీ, తొడుక్కునేటప్పుడు తెలీలేదా మీకు?"

శెట్టిగారు ఆ చెప్పులు విడిచి సిద్దమ్మ ముందుకు జరిపారు. మర్నాడే ఆమె ఆయన్ని కర్నూలు బస్సెక్కించింది.

డాక్టరు ఆయన్ని కళ్లు మూసుకోమన్నారు. "అరికాలికి దూది తగిలితే చెప్పండి."

"తగిలింది," అన్నారు శెట్టిగారు. "ఆ, మళ్లీ తగిలింది!"

"సారు ఇంకా దూదే తియ్యలేదు గదండీ!" అంది రాజ్యలక్ష్మమ్మ.

శెట్టిగారు డాక్టరు చెయ్యి పట్టుకున్నారు. "మందు మాత్రం ఆపొద్దు సారూ. కాళ్లదేముండాది, పోతే పోనీ."

"ఆపుతానని ఎవరన్నారు? ఈ మందులతో కొందరికి నరాలు దెబ్బతింటాయి. ఏది తగ్గించాలో, ఎంత తగ్గించాలో నేను చూసుకుంటా. మీరు దాస్తే ఎట్లా చూసేది? నిప్పు తొక్కినా తెలియని కాళ్లు ఇవి. ఊఁ, మూసుకోండి కళ్లు."

ఈసారి డాక్టరు నిజంగానే దూది తీసి అరికాలికి తాకించారు.

"తెలీలేదు సారూ," అన్నారు శెట్టిగారు, అసలు ధర బయటపెట్టినంత కష్టంగా. ఇంకాసేపటికి, "ఇప్పుడు... మడమ కాడ కొంచెం తెలుస్తాండాది."

రాజ్యలక్ష్మమ్మ వంగి చూసింది. దూది మడమ దగ్గరే ఉంది.